కూర్చున్నందుకు

ఆ పిల్లాడి చేతిలోంచి కెచప్ సీసా లాక్కున్న తర్వాతగానీ అది నాటకమని పుష్పలతకు తెలియలేదు.

తుడుపు బండి తోసుకుంటూ ఆమె క్యాంటీన్‌లోకి వచ్చేసరికి కాఫీ కౌంటర్ ముందు నాలుగు కుర్చీల్లో నలుగురు విద్యార్థులు కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ బట్టలు, ఒళ్ళో పుస్తకాలు, చూపు తిన్నగా ముందుకి. వాళ్ళ వెనక ఒక గుంపు నిలబడి ఇంగ్లీషులో అరుస్తోంది. ఒకడు చక్కెర పొట్లం చింపి ముందున్నవాడి కాలర్‌లో పోశాడు. ఇంకొకడు చివరి కుర్చీలో ఉన్న అమ్మాయి నెత్తిన కెచప్ పిండాడు. అది పాపిట మీదుగా కనుబొమ్మల దాకా జారింది. ఆ పిల్ల తుడుచుకోలేదు, తల తిప్పలేదు, చెయ్యి కూడా లేపలేదు. అది చూసి పుష్పలతకు ఒళ్ళు మండిపోయింది.

"థూ, మీ చదువులు తగలెయ్య! తినేదాన్ని తీసి నెత్తిన పోస్తారారా? ఆడపిల్ల గమ్మునుంటే అంత అలుసా మీకు?"

తెలుగులో తిడితే ఎవరికి అర్థమవుతుందన్న ఆలోచన ఆమెకు రాలేదు. సీసా లాక్కుని బండిలో పడేసింది. ఉతికిన గుడ్డ ఒకటి తీసి ఆ అమ్మాయి గడ్డం పట్టుకుని, కళ్ళలోకి పోకుండా నుదురు తుడవడం మొదలుపెట్టింది. అరుపులు ఆగిపోయాయి. అమ్మాయి కళ్ళు మూసుకునే ఉంది గానీ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుంది పుష్పలత. కాదు, నవ్వుతోంది.

"ఆంటీ, ఆంటీ... గిది నాటకం. ప్రాక్టీస్ చేస్తున్నం."

ఆ పిల్ల పేరు రేహానా. హైదరాబాదు వాళ్ళు. తండ్రి షువైఖ్‌లో కార్ల సామాన్ల కొట్టులో పనిచేస్తాడు. కువైట్‌లోనే పుట్టిన పిల్ల, తెలుగు మాత్రం ఇంట్లో నానమ్మ దగ్గర నేర్చుకుంది. గుంపు వెనక నుంచి తెల్లగడ్డం అమెరికా మేష్టారు చప్పట్లు కొడుతూ ముందుకొచ్చాడు. పిల్లలంతా ఆయన్ని డాక్టర్ అంటారు. ఆయన ఏదో అంటే రేహానా తర్జుమా చేసింది.

"ఆ రోజు నీలెక్క ఒక్కరు అడ్డం వచ్చున్నా బాగుండు అంటుండు ఆంటీ."

"యా రోజో నాకు తెల్దుగానీ పాపా, ఈ చక్కెరకు చీమలు పడ్తాయి. లెయ్యండి, తుడ్సాల."

మిగతావాళ్ళు వెళ్ళారు. రేహానా మాత్రం కుర్చీలోనే కాళ్ళు పైకి పెట్టుకుని, తడి రుమాలుతో జుట్టు తుడుచుకుంటూ కథ చెప్పింది. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక అమెరికాలో జరిగిన సంగతులు డాక్టర్ వాళ్ళకు పాఠంగా చెబుతున్నాడట. అప్పటి కాలేజీలు, అప్పటి రాజకీయాలు. ఒక ఊళ్ళో నలుగురు నల్లజాతి కుర్రాళ్ళు, కాలేజీలో కొత్తగా చేరినవాళ్ళు, ఒక పెద్ద కొట్టుకెళ్ళి కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారట.

"అదే షాపుల నోట్‌బుక్కు కొనొచ్చు, సబ్బు కొనొచ్చు. పైసలు తీసుకుంటరు. కానీ కూసొని కాఫీ తాగొద్దు. కూసునే జాగ తెల్లోళ్ళకే. ఈళ్ళు పోయి కూసున్నరు. కాఫీ ఇయ్యలె. అయినా లేవలె."

"తర్వాత?"

"మల్లొక రోజు ఇంకా మంది వచ్చిన్రు. వేరే ఊర్ల కాలేజీలల్ల కూడా కూసున్నరు. కొట్టిన్రు, జైల్ల ఏసిన్రు, నెత్తిమీద గిట్లనే పోసిన్రు. తిరిగి కొట్టలె. అది ఎలక్షన్ల సంవత్సరం ఆంటీ. ఓట్లు అడిగే పెద్దపెద్దోళ్ళకు కూడా దీనికి జవాబు చెప్పక తప్పలె. ఆఖరుకు కానూనే మారింది."

పుష్పలత తుడుపుకర్ర ఆపింది. "కూచ్చున్యందుకా?"

"కూసున్నందుకే."

ఆమె మళ్ళీ తుడవసాగింది. కుర్చీ కాళ్ళ చుట్టూ బంకగా అంటుకున్న చక్కెరను గోరుతో గీకింది. కాసేపటికి తనలో తాను అనుకుంటున్నట్టుగా అంది. "మా ఊర్లో టీ బంకు కాడ మా నాయనకు గ్లాసు వేరే. చూరులో చెక్కిండేది. తాగి, ఆయప్పే కడిగి, మళ్ళా ఆడే పెట్టాల. బెంచీ మీద కూచ్చునేది గూడా లేదు."

రేహానా కాళ్ళు కిందికి దించింది. పుష్పలత ఆ కుర్చీ కూడా తుడిచి, దాని వెనకవైపు పట్టుకుని బల్ల కిందికి నెట్టేసింది. అందులో కూర్చోవాలన్న ఊహ అప్పటికి ఆమెకు లేదు.

*

తుడిచేవాళ్ళు తినేది మెట్ల కింద.

అక్కడ తలుపు తీయగానే యాసిడ్ వాసన ముక్కుల్లోకి కొడుతుంది. ఒక పక్క ఫినాయిల్ డబ్బాలు, ఒక పక్క తడి మాపులు, మధ్యలో విప్పి పరిచిన అట్టపెట్టె. పై మెట్టు దగ్గర నడుం వంచాలి, చివరికొచ్చేసరికి చతికిలబడాలి. క్యాంటీన్‌లో వందలకొద్దీ కుర్చీలున్నాయి. సగం ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి. నీలం యూనిఫాం వేసుకున్నవాళ్ళు మాత్రం వాటిని తుడవాలి, సర్దాలి, ఒకదానిమీద ఒకటి పేర్చాలి, కూర్చోకూడదు. ఆ రూలు ఎక్కడా రాసిలేదు. రాసి ఉంటే గొడవ పెట్టుకోవచ్చు, రాయకపోవడమే దాని బలం.

నూర్ బీ మాత్రం నిలబడి తింటుంది. కడప ఆమె, పుష్పలత కంటే బాగా పెద్దది. మోకాళ్ళు రెండూ వాచిపోయి ఉంటాయి. కింద కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. అందుకే ఫినాయిల్ డబ్బాల మీద టిఫిన్ పెట్టుకుని, గోడకు ఆనుకుని, కుబ్బూస్ రొట్టె ముక్క పప్పులో అద్దుకుని తింటుంది.

ఆ రోజు ఆమె తినడం లేదు. డబ్బా మూత కూడా తీయలేదు.

"ఏం నూరక్కా, రంజాన్ అయిపోయిందిలే, తిను," అంది పుష్పలత వేళాకోళంగా. చెనిక్కాయల చట్నీ కొంచెం ఆమె వైపు జరిపింది.

"నన్ను వఫ్రాకు పంపిస్తాండారు మే."

పుష్పలత చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. అట్టమీద పక్కనే కూర్చున్న సంజీవమ్మ కూడా తల ఎత్తింది. వఫ్రా అంటే దక్షిణాన సరిహద్దు దగ్గర, తోటల వైపు. వాళ్ళను పనిలో పెట్టుకున్న క్లీనింగ్ కంపెనీకి అక్కడ ప్లాస్టిక్ గుడారాల కింద టమాటాలు, దోసకాయలు పండించే ఒక తోటలో కాంట్రాక్టు ఉంది. పొద్దున్నించీ మాపటిదాకా చాళ్ళమధ్య గొంతుకూర్చుని పనిచేయాలి. బస్సు ఉండదు, మనిషి కనపడడు.

"ఎందుకంట?"

నూర్ బీ చెప్పడానికి సిగ్గుపడింది. నిన్న మధ్యాహ్నం క్యాంటీన్ ఖాళీగా ఉందట. బల్లలు తుడుస్తుంటే మోకాలు కలుక్కుమంది. మాత్ర వేసుకుందామని గోడవారగా ఉన్న కుర్చీలో కూర్చుంది. మాత్ర మింగింది, నీళ్ళు తాగింది, ఇంకాస్త కూర్చుంది. ఎదురుగా ఉన్న అద్దాల ఆఫీసు గదిలోంచి ముదీర్, అంటే కాలేజీ మేనేజర్, చూశాడు. క్యాంటీన్, తోటపని, క్లీనింగ్ అన్నీ ఆ ముదీర్ కిందే.

"పిలిచి అడిగినా బాగుండు. ఏం అనలే. ఈ పొద్దున ఖాజాతో చెప్పినాడంట, ఇంత నీరసం మనిషి మాకొద్దు, మార్చండి అని. బేస్తవారం వ్యాన్ వస్తాదంట."

కింద కూర్చోలేక కుర్చీలో కూర్చున్న మనిషిని, రోజంతా గొంతుకూర్చునే పనికి పంపుతున్నారు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. అందరికీ ఒకేసారి తట్టింది. పుష్పలత చేతిలో ముద్దను డబ్బాలో పడేసి మూత నొక్కింది. ఆమెకు వచ్చింది దుఃఖం కాదు, కోపం.

అప్పుడే తలుపు సందులోంచి సూపర్‌వైజర్ ఖాజా హుస్సేన్ తల దూర్చాడు. రాయచోటి మనిషి, పుష్పలతకు పక్క ఊరే. ఆ నోట్లోంచి 'యల్లా', అంటే 'పదండి', అన్న మాట రాని గంట ఉండదు.

"యల్లా, యల్లా. తిన్యారా? లైబ్రరీ కాడ ఎవురో జ్యూసు పారబోసినారు."

"ఖాజన్నా, ఏంది నూరక్క సంగతి?"

"నన్నేం చెయ్యమంటావ్ మే? పైనించి వచ్చిండే మాట. ముదీర్ వద్దన్యాడంటే ఖలాస్."

"ఆయమ్మ మోకాళ్ళు నీకు తెల్దా? వఫ్రాలో పని ఎట్లుంటాదో నీకు తెల్దా?"

"తెలుసు. ఈడ ఉండేదానికి నా ఇఖామా కాగితం రెన్యువల్ యాడుండాదో నీకు తెలుసా? ముదీర్ నా మింద ఒక మాట కంపెనీకి చెప్తే నేనూ పోతా టమాటాలు కోసేదానికి." ఆయన గొంతు తగ్గించాడు. నూర్ బీ వైపు చూడకుండానే అన్నాడు. "బుడేన్‌బీని కూడా పంపినారు గదా పోయినేడు. బతుకుతాంది గదా. యల్లా."

తల వెనక్కి వెళ్ళిపోయింది. నూర్ బీ డబ్బాను సంచిలో పెట్టుకుంది. "వాడిని అనొద్దు మే. వాడి పిల్లలు చిన్నోళ్ళు," అంది. ఎదుటివాడి కష్టం అర్థం చేసుకునేవాళ్ళను చూస్తే పుష్పలతకు ఒక్కోసారి చిరాకు వేస్తుంది. ఆ రోజు చాలా వేసింది.

*

మర్నాడు రిహార్సల్ అయిపోయేదాకా ఆమె స్తంభం పక్కన నిలబడింది. అందరూ వెళ్ళాక రేహానాకు సంగతంతా చెప్పింది. రేహానా ముఖం ఎర్రబడింది. "ఉండు ఆంటీ, ఇప్పుడే డాక్టర్‌తోని మాట్లాడ్త," అని పరుగులాంటి నడకతో వెళ్ళింది. ఆ వేగం చూసి పుష్పలతకు ఆశ పుట్టింది.

తిరిగొచ్చేటప్పుడు ఆ వేగం లేదు.

"డాక్టర్ చానా బాధపడ్డడు. మెయిల్ రాస్త అన్నడు. కానీ మీరంతా కంపెనీ కిందికి వస్తరంట, కాలేజీ కిందికి రారంట. ఆయన కూడా ఈ దేశంల మెహమానే కదా ఆంటీ, వీసా మీద ఉన్నోడే."

"ఆయప్ప ముదీర్‌తో ఒక మాట అంటే?"

రేహానా గోరు కొరుక్కుంది. "ఈ నాటకానికి పర్మిషన్ ఇచ్చేటప్పుడే చెప్పిన్రు. అమెరికా సంగతి అమెరికాల్నే ఉండాలె, ఈడి ముచ్చట ఒక్కటి కూడా రావొద్దు అని. డాక్టర్ మాటిచ్చిండు. నేను కూడా..." ఆగింది. "మా అబ్బా కూడా వీసా ఇచ్చిన కఫీల్ కిందనే ఉన్నడు ఆంటీ. నేను ఏమన్న చేస్తే ముందు ఆయన్నే పిలుస్తరు."

కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని చెప్పింది. పుష్పలతకు ఆ పిల్లమీద కోపం రాలేదు. నెత్తిన కెచప్ పోయించుకుని కదలకుండా కూర్చున్న పిల్ల ఇదేనా అని మాత్రం అనిపించింది. తర్వాత, కెచప్ పోయించుకోవడం వేరు, నాన్నను పోగొట్టుకోవడం వేరు అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

"పాపా, ఒకటి చెప్పు. వాళ్ళు కూచ్చునేటప్పుడు ఏమన్నా పద్ధతి ఉండిందా? ఊరికే పోయి కూచ్చున్యారా?"

"లేదు లేదు, నేర్పిచ్చుకున్నరు. మంచి బట్టలు ఏసుకోవాలె. తలకాయ ఎత్తుకొని ముందుకే చూడాలె. తిడితే తిట్టొద్దు, కొడితే కొట్టొద్దు. మర్యాదగా అడగాలె. ఒక్కరు లేస్తే ఆ కుర్చీల ఇంకొకరు కూసోవాలె." చెబుతూ చెబుతూ ఆ అమ్మాయి పుష్పలత ముఖంలోకి చూసింది. "ఎందుకు ఆంటీ?"

"ఊరికే. తెలుసుకుందామని."

ఆ సాయంత్రం మహబూలా క్యాంపు గదిలో పుష్పలత తన యూనిఫాం ఉతికి ఆరేసింది. నూర్ బీది కూడా లాక్కుని ఉతికింది. ఇస్త్రీపెట్టె పక్కగదిలో సంజీవమ్మ దగ్గరుంది. తెచ్చి, రెండు జతలూ మంచం మీద పరిచి, కాలర్ మడత నిలబడేదాకా అదిమింది.

"తుడ్సేదానికి ఇస్త్రీ ఏల మే?" అంది నూర్ బీ మోకాళ్ళకు నూనె రాసుకుంటూ.

"రేపు నాటకం గదక్కా. పెద్దోళ్ళు వస్తారు."

"మనల్ని చూసేదానికి వస్తాండారా?"

పుష్పలత చొక్కా తిప్పి రెండో చేయి మీద ఇస్త్రీపెట్టె పెట్టింది. భయంగానే ఉంది. వచ్చే నెల రెన్యువల్ కావాల్సిన ఇఖామా, ఊళ్ళో కట్టాల్సిన చీటీ, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. వాటితోపాటే చూరులో చెక్కిన గ్లాసు కూడా గుర్తొచ్చింది. మిగతావన్నీ ఒక పక్కకు పోయాయి, అది పోలేదు.

*

నాటకం బాగా రక్తికట్టింది. కాలేజీ పెద్దలు, సూట్లు వేసుకున్న అతిథులు, తెల్లని పొడుగు దిష్‌దాషా అంగీల్లో కొందరు తల్లిదండ్రులు, క్యాంటీన్ నిండిపోయింది. తుడిచేవాళ్ళను గోడవారగా వరసగా నిలబెట్టాడు ఖాజా హుస్సేన్. ఆట అయిపోగానే కెచప్ తుడవాలి, ఆ తర్వాతే అతిథులకు కేకులు.

కౌంటర్ వెనక వడ్డించే మనిషి వేషం గనీమా అనే కువైతీ అమ్మాయిది. తెల్ల ఏప్రన్ కట్టుకుని, చేతులు కట్టుకుని, 'ఇక్కడ మీకు వడ్డించం' అని ఇంగ్లీషులో గట్టిగా అంది. వెనక గుంపు అరిచింది. చక్కెర పడింది, కెచప్ పడింది. రేహానా, మిగతా ముగ్గురూ కదల్లేదు. ఒక ముసలాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చివర్లో నలుగురూ లేచి చేతులు పట్టుకుని వంగి దండం పెట్టగానే హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ముదీర్ కూడా కొట్టాడు. అందరికంటే గట్టిగా ఆయనే కొట్టాడు.

ఖాజా హుస్సేన్ చిటికె వేశాడు. "యల్లా."

పుష్పలత బండి తోసుకుంటూ కౌంటర్ దగ్గరకు వెళ్ళింది. మొదటి కుర్చీ తుడిచింది. రెండో కుర్చీ తుడిచింది. పొడిగుడ్డతో ఇంకోసారి తుడిచింది. తర్వాత తుడుపుకర్రను బండికి ఆనించి, గోడ దగ్గరకు వెనక్కి నడిచి, నూర్ బీ మోచేయి పట్టుకుంది.

"రా అక్కా."

"యాడికి?"

"మాత్ర ఏసుకోవల్లా వద్దా?"

నూర్ బీకి విషయం కుర్చీ దగ్గరకొచ్చాకగానీ తెలియలేదు. తెలిశాక వెనక్కి లాగింది. కానీ మోకాలు ఆమె మాట వినలేదు, పుష్పలత మాట వింది. కూర్చుండిపోయింది. పక్క కుర్చీలో పుష్పలత కూర్చుంది. వీపు నిటారుగా పెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తల ఎత్తి ముందుకే చూసింది.

ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత ఇంకొకరు. నాటకంలో ఇంకో రంగం ఉందనుకున్నారు జనం. ఎంత తెలివైన ముగింపు అని ఒకావిడ పక్కావిడతో అంటోంది. ఫోన్లు పైకి లేచాయి. డాక్టర్ నవ్వబోయి, పుష్పలత ముఖం చూసి, ఆగిపోయాడు. ముదీర్ నోరు తెరిచి, ఫోన్లను చూసి మూసుకున్నాడు.

ఖాజా హుస్సేన్ వేగంగా వచ్చి కుర్చీ వెనక వంగాడు.

"పుష్పా, లెయ్ మే. నాటకం అయిపాయ."

"వాళ్ళది అయిపాయన్నా. మేం చాయ్ తాగి లేస్తాం."

"నా కొంప ముంచుతావా?"

ఆమె తల తిప్పలేదు. తిప్పితే ఆయన ముఖం కనిపిస్తుంది, కనిపిస్తే లేచిపోతుంది. కౌంటర్ వెనక ఇంకా ఏప్రన్‌తోనే నిలబడి ఉన్న గనీమాతో మర్యాదగా, వచ్చిన రెండు ముక్కల అరబీలో అడిగింది. రెండు చాయ్, దయచేసి.

చప్పట్లు ఆగిపోయాయి. గనీమా అలవాటుకొద్దీ నోరు తెరిచింది. నాటకంలో మాట సగం బయటికొచ్చింది కూడా. 'ఇక్కడ మీకు...' అక్కడే తెగింది. ముదీర్ వైపు చూసింది. నూర్ బీ రెండు చేతులతో మోకాలు నొక్కుకుంటోంది. మిష్రిఫ్‌లోని తన ఇంట్లో గనీమాను చిన్నప్పుడు ఎత్తుకు తిరిగిన పనిమనిషి కూడా ఇలాంటి ఏ ఊరి సిద్ధమ్మో మరి, ఆ వాచిన వేళ్ళను చూసి ఆ పిల్ల ముఖం మారిపోయింది. అతిథుల కోసం ఉంచిన బంగారు అంచు కప్పులు రెండు తీసింది. ఫ్లాస్కు వంచి చాయ్ పోసింది. ఒక కప్పు రెండు చేతులతో నూర్ బీ ముందు పెట్టింది.

"తఫద్దలీ, యుమ్మా." తీసుకో అమ్మా, అంది.

అప్పుడు ఫోన్లన్నీ ఒక్కసారి మెరిశాయి. రేహానా జుట్టులోంచి ఇంకా కెచప్ కారుతోంది. తుడుచుకోకుండానే వచ్చి మూడో కుర్చీలో కూర్చుంది.

పుష్పలత చాయ్ మొత్తం తాగింది. చక్కెర తక్కువైంది. అయినా ఇంతవరకు అంత నెమ్మదిగా ఆమె ఎప్పుడూ చాయ్ తాగలేదు. తాగాక లేచి, రెండు కప్పులూ కౌంటర్ మీదే వదిలేసింది. కడగలేదు.

*

బేస్తవారం పొద్దున కాలేజీ గుమ్మంలోని పెద్ద టీవీలో నూర్ బీ ఉంది. చేతిలో బంగారు అంచు కప్పు, పక్కన నవ్వుతున్న గనీమా, కింద ఇంగ్లీషు అక్షరాలు. రేహానా చదివి వినిపించింది. "మా క్యాంపస్, మా కుటుంబం. ఇక్కడ అందరికీ చోటుంది."

"అంత అబద్ధమా!" అంది సంజీవమ్మ.

"అబద్ధమైతే ఏం, నూరక్క నవ్వు బాగొచ్చింది," అంది పుష్పలత. టీవీలో తనను కూడా వెతుక్కుంది. ఒక పక్కన నీలం వీపు, దాని మీద ఇస్త్రీ మడత, అంతే.

ఖాజా హుస్సేన్ మధ్యాహ్నానికి ముందు మెట్ల దగ్గర ఆమెను పక్కకు పిలిచాడు. ముఖం చూడటం లేదు. చేతిలో తాళాలగుత్తి తిప్పుతున్నాడు.

"నూర్ బీ పోయే పని ల్యా. ఆయమ్మ ఫోటో అందురూ సూసినారంట, పేపరోళ్ళు కూడా అడిగినారంట. ఇప్పుడు ఆయమ్మ కనపడకపోతే బాగుండదని ముదీర్ అన్యాడు."

పుష్పలత సంతోషంతో ఈ మాట నూర్ బీకి చెప్పడానికి తిరగబోయింది. తర్వాత ఆయన తాళాలు ఇంకా తిప్పుతూనే ఉండటం గమనించింది.

"వ్యాన్ వస్తాదా అన్నా మరి?"

"వస్తాది. వఫ్రాకు ఒక మనిషి గావల్ల గదా." ఖాజా హుస్సేన్ గొంతు సవరించుకున్నాడు. "ఫోటోలో నీ ఈపు మాత్రమే పడిండాది మే."

మెట్ల మీద ఎవరో విద్యార్థులు నవ్వుకుంటూ పైకి వెళ్ళిపోయారు. పుష్పలత వాళ్ళు వెళ్ళేదాకా ఆగింది. మనసులో ఎక్కడో ఇది రాత్రే ఆమెకు తెలుసు. తెలిసి కూడా హాయిగా నిద్రపోయింది.

"నా మోకాళ్ళు బాగుండాయిలే అన్నా," అంది.

సంగతి తెలిసి నూర్ బీ ఏడ్చింది. తనే వెళ్తానంది, ముదీర్ కాళ్ళు పట్టుకుంటానంది. రేహానా కోపంతో ఊగిపోయింది. ఆ టీవీ కింద నిలబడి నిజమేంటో చెబుతానంది. నాన్నతో మాట్లాడానని, ఆయన 'చెప్పు బేటీ' అన్నాడని కూడా అంది. పుష్పలత ఇద్దరి మాటా విన్నది.

"నువ్వు చెప్పు పాపా, తప్పకుండా చెప్పు. నేను పోయినాక కూడా చెప్తాండు. నూరక్కా, నువ్వు ఎవుని కాళ్ళూ పట్టుకోవద్దు. రోజూ వచ్చి కుర్చీలో కూచ్చో. అందరు సూసేచోట కూచ్చో. ఇప్పుడు నిన్ను లెయ్యమనేదానికి వాళ్ళకు నోరు రాదు. నేను అడిగేది అదొక్కటే."

"ఒక్కదాన్నే ఎట్లా కూచ్చునేది మే?"

అది నిజమే. పుష్పలత టిఫిన్ సంచి తీసుకుంది. మెట్ల కిందికి వెళ్ళలేదు. క్యాంటీన్ తలుపు తోసుకుని, విద్యార్థుల మధ్యలోంచి నడిచి, గోడవార బల్ల కాకుండా సరిగ్గా మధ్యలో ఉన్న బల్ల ఎంచుకుంది. ఎదురుగా ముదీర్ అద్దాల గది. కుర్చీ లాగి నూర్ బీని కూర్చోబెట్టింది, తను కూర్చుంది. రేహానా తన డబ్బా తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. కాసేపటికి సంజీవమ్మ వచ్చింది. యాసిడ్ వాసన తగలని అన్నం ఎట్లుంటుందో చూద్దామని వచ్చానంది. ఆమె వెనక మిగతావాళ్ళు ఒక్కొక్కరే, టిఫిన్లు చేతుల్లో పట్టుకుని, కుర్చీలు చప్పుడు కాకుండా లాగుతూ వచ్చారు. గనీమా స్నేహితురాళ్ళతో దూరంగా కూర్చుని ఇటే చూస్తోంది. ఆమె ఇంకా లేవలేదు. లేస్తుందో లేదో చెప్పలేం.

పుష్పలత అన్నంలో పప్పు పోసుకుని, చెనిక్కాయల చట్నీ కలుపుకుంది.

అద్దాల గదిలో ముదీర్ లేచి నిలబడ్డాడు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, ఇటు చూపిస్తూ ఏదో అంటున్నాడు. అదే నిమిషంలో ఖాజా హుస్సేన్ తలుపు దగ్గర కనిపించాడు. ఆయన చేతిలో ఫోన్ మోగుతోంది. ఆయన దాన్ని ఎత్తలేదు. బల్లల మధ్యలోంచి నడుచుకుంటూ వచ్చి పుష్పలత పక్కన ఆగాడు.

"వ్యాన్ వచ్చిండాది మే."

"తిని వస్తానన్నా."

బల్ల చుట్టూ చేతులన్నీ ఆగిపోయాయి. నూర్ బీ కుర్చీ అంచు పట్టుకుంది, లేవబోతున్నట్టు. ఖాజా హుస్సేన్ అద్దాల గది వైపు చూశాడు. ఆ నీలం యూనిఫాంలను చూశాడు. తన ఒంటిమీద ఉన్నది కూడా ఆ రంగేనని, కాస్త ముదురు, అంతేనని, అప్పుడే గమనించినట్టు చొక్కా ముందుభాగం సర్దుకున్నాడు. తర్వాత అద్దాల గదికి వీపు తిప్పి, బల్లకూ ఆ గదికీ మధ్య అడ్డంగా నిలబడ్డాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అది జేబులోనే మోగుతోంది.

"మెల్లగా తిను," అన్నాడు.

బయట వ్యాన్ డ్రైవర్ హారన్ కొట్టాడు. పుష్పలత ఇంకో ముద్ద కలుపుకుంది.